ఇంటర్వ్యూ గదిలో అవతలి కుర్చీ నుంచి

(సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూల గురించి పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నంద్యాల జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు సీఎస్‌ఈ ఫైనలియర్. ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టు పాసయ్యాను. ఇంకా పన్నెండు రోజుల్లో టెక్నికల్ ఇంటర్వ్యూ. ఇంతవరకు ఒక్క ఇంటర్వ్యూ కూడా ఇవ్వలేదు. లోపల అసలేం జరుగుతుంది? ఇంగ్లిష్‌లో తడబడితే అక్కడే తీసేస్తారా? రాత్రి నిద్ర పట్టడం లేదు, అంత టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి, నంద్యాల జిల్లా

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదువుతుంటే నాకు 2004 గుర్తొచ్చింది. తెనాలి దగ్గర పల్లె నుంచి ఎంసీఏ పట్టా పట్టుకుని వచ్చి, ఎస్సార్ నగర్‌లో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. పగలంతా అమీర్‌పేటలో జావా క్లాసులు. నా మొదటి ఇంటర్వ్యూలో లింక్డ్ లిస్ట్‌ను, అంటే ఒక్కో డబ్బా తర్వాతిదాన్ని బాణంతో చూపించే గొలుసును, తిరగేయమన్నారు. ఆ ప్రోగ్రామ్ నాకు వచ్చు, ముందురోజు రాత్రే రాశాను కూడా. అయినా నోరు పెగల్లేదు. తల వంచుకుని కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. అవతలాయన రెండుసార్లు అడిగారు, "ఏం ఆలోచిస్తున్నావో చెప్పమ్మా" అని. ఇంగ్లిష్ వాక్యం తప్పు పోతుందేమోనన్న భయంతో అసలేమీ చెప్పలేదు. ఆ ఉద్యోగం రాలేదు. ఇప్పుడు వారానికి రెండో మూడో ఇంటర్వ్యూలు నేనే చేస్తున్నాను. ఆ రోజు ఆయనకు నా గురించి ఏం అర్థమై ఉంటుందో ఇప్పుడు తెలుసు. ఏమీ అర్థమై ఉండదు. నేనేమీ మాట్లాడకపోతే నా తలలో ఉన్నది ఆయనకు ఎలా తెలుస్తుంది?

గంట ఇంటర్వ్యూ ఎలా గడుస్తుందో వరుసగా చెబుతాను. మొదటి ఐదు నిమిషాలు నీ గురించి చెప్పమంటారు. నాన్నగారి పేరు, ఊరు, హాబీలు అప్పజెప్పవద్దు. చేసిన పని చెప్పు: ఏ ప్రాజెక్టు చేశావు, అందులో నువ్వు స్వయంగా రాసింది ఏ భాగం, ఎక్కడ చిక్కుపడ్డావు. నిమిషంన్నర చాలు.

తర్వాతి పావుగంట ప్రాజెక్టు మీద ప్రశ్నలు. ఎక్కువ మంది ఇక్కడే జారిపోతారు. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేశానంటే నేను అడిగేది ఒకటే: "ఆ పుస్తకం ఒక్క కాపీయే మిగిలింది. ఇద్దరు విద్యార్థులు ఒకే క్షణంలో నొక్కారు. ఎవరికి ఇస్తావు? నీ కోడ్‌లో ఎక్కడ తేల్చావు?" సొంతంగా రాసినవాళ్లు "అది ఆలోచించలేదు మేడమ్" అన్నా సరే, వెంటనే టేబుల్ గీసి ఎక్కడ తాళం వేయాలో వెతుకుతారు. డబ్బులిచ్చి కొన్న ప్రాజెక్టు అయితే టేబుళ్ల పేర్లు కూడా గుర్తుండవు. నీది అలాంటిదే అయితే ఈ పన్నెండు రోజుల్లో ఒక చిన్నది నువ్వే రాయి. మీ హాస్టల్ మెస్ లెక్కలు చూసే ప్రోగ్రామైనా చాలు. నెలాఖరుకు ఎవరు ఎన్ని పూటలు తిన్నారు, ఎవరి వాటా ఎంత అని లెక్క తేల్చేది. అది చిన్నదని ఎవరూ తక్కువగా చూడరు. దాని గురించి ఎంత లోతుగా అడిగినా నీ దగ్గర జవాబు ఉంటుంది.

ఆ తర్వాత అరగంట కోడింగ్. ఇంటర్వ్యూకు ఇదే ఆయువుపట్టు, కాబట్టి ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాను. ఒక దుకాణంలో వస్తువుల ధరలు వరుసగా ఇచ్చారు. నీ చేతిలో 100 రూపాయలున్నాయి. సరిగ్గా 100 అయ్యేలా రెండు వస్తువులు ఎంచాలి. చాలామంది వెంటనే కీబోర్డు మీద పడతారు. ఆగు. ముందు అడుగు: ఒకే వస్తువును రెండుసార్లు తీసుకోవచ్చా? ఒకే ధర ఉన్న రెండు వేర్వేరు వస్తువులు ఉండొచ్చా? జత దొరక్కపోతే ఏం తిరిగివ్వాలి? ధరలు చిన్న నుంచి పెద్దకు సర్ది ఉన్నాయా? ఈ ప్రశ్నల కోసమే మేం సమస్యను కాస్త అసంపూర్తిగా చెబుతాం. ఆఫీసులో పని కూడా ఎప్పుడూ అలాగే వస్తుంది.

తర్వాత తేలిక దారి పైకి చెప్పు. ప్రతి వస్తువునూ మిగతా అన్నిటితో జత కట్టి చూడటం. అది నిదానమని నువ్వే లెక్క కట్టు: లక్ష వస్తువులుంటే దాదాపు 500 కోట్ల జతలు. సెకనుకు పది కోట్ల చిన్న పనులు చేసినా 50 సెకన్లు పడుతుంది. ఇప్పుడు మెరుగైన దారి. ఒక్కో ధర చూస్తూ వెళ్లు. 35 కనబడితే కావలసింది 65. ఇంతకుముందు చూసినవాటిలో 65 ఉందా అని ఒక చిట్టాలో వెతుకు. ఆ చిట్టానే హాష్ మ్యాప్. అందులో వెతకడానికి సగటున పెద్ద సమయం పట్టదు కాబట్టి లక్ష వస్తువులకు లక్ష అడుగులు చాలు. బదులుగా కొంత మెమరీ ఖర్చవుతుంది. ఆ మాట కూడా నువ్వే చెప్పాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. ధర 50 అనుకో, కావలసింది కూడా 50. ముందు చిట్టాలో రాసి తర్వాత వెతికితే ఆ 50 తనతో తానే జత కట్టేస్తుంది. ముందు వెతకాలి, తర్వాతే రాయాలి. కోడ్ అయిపోగానే "అయిపోయింది మేడమ్" అనకుండా ఖాళీ జాబితా, ఒకే వస్తువు, రెండు 50లు పెట్టి వరుస వరుసగా వేలు పెట్టి చదివి చూపించు. అలా చేసి తన తప్పు తానే పట్టుకున్నవాళ్లకు నేను సంతోషంగా మంచి మార్కులు వేస్తాను. మొదటిసారే తప్పు లేకుండా రాసినవాళ్ల కంటే వాళ్ల మీదే నాకు ఎక్కువ నమ్మకం. తప్పులు ఎవరికైనా వస్తాయి. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనే (సర్ది ఉన్న జాబితాను ప్రతిసారీ సగం చేస్తూ వెతికే పద్ధతి) ఒక తప్పు దాదాపు తొమ్మిదేళ్లు దాక్కుని ఉండిపోయింది. మధ్య స్థానం కోసం రెండు చివర్ల సంఖ్యలూ కూడి సగం చేసేవారు. ఆ కూడిక, జావాలో మామూలు పూర్ణసంఖ్య పట్టగల సుమారు 214 కోట్లు దాటితే రుణసంఖ్య అయిపోతుంది. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ గారే 2006లో ఈ సంగతి అందరికీ బహిరంగంగా రాశారు. అంతటివాళ్లకే తప్పింది కాదు. నీ కోడ్‌లో తప్పు బయటపడితే కుంగిపోకు, కూర్చుని సరిచేయి.

మధ్యలో మేం హింట్ ఇస్తే ఇక పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. హింట్ ఇచ్చాక దాన్ని అందుకుని రెండడుగులు ముందుకు వేస్తావా, మొదట అనుకున్న దాన్నే పట్టుకుని వేలాడతావా అని చూస్తాం.

తెలియనిది తెలియదని చెప్పడానికీ భయపడకు. పోయినేడాది ఒక అబ్బాయిని జావాలో గార్బేజ్ కలెక్షన్ గురించి అడిగాను. "అక్కర్లేని వస్తువుల్ని జావా తనే తీసేస్తుందని తెలుసు. ఏది అక్కర్లేనిదో ఎలా తేలుస్తుందో తెలియదు. ప్రోగ్రామ్ నుంచి ఏ దారిలోనూ చేరుకోలేని వస్తువు అక్కర్లేనిదని ఊహిస్తున్నాను" అన్నాడు. ఆ ఊహ సరైనదే. బట్టీ పట్టిన నిర్వచనం చెప్పి ఉంటే నాకు అంత నచ్చేది కాదేమో. తెలిసినదీ ఊహించినదీ విడివిడిగా చెప్పాడు. రేపు ఆఫీసులో ఏదైనా ఆగిపోయినప్పుడు అలాంటి మనిషి పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుంది.

ఇక ఇంగ్లిష్. ఇంటర్వ్యూ అయ్యాక నేను నింపే ఫారంలో కమ్యూనికేషన్ అని ఒక గడి ఉంటుంది నిజమే. అక్కడ నేను రాసేది రెండే సంగతులు: నేను అడిగింది తనకు అర్థమైందా, తను చెప్పింది నాకు అర్థమైందా. యాస గురించి నేనెప్పుడూ రాయలేదు. చిన్న చిన్న వాక్యాలు చాలు. "ఫస్ట్ ఐ విల్ ట్రై ద సింపుల్ వే." "దిస్ ఈజ్ స్లో, బికాజ్ ఐ యామ్ చెకింగ్ ఎవ్రీ పెయిర్." "కెన్ ఐ టేక్ వన్ మినిట్ టు థింక్?" ఇలాంటివి ఒక ఇరవై వాక్యాలు నీ నోటికి అలవాటైతే అరగంట కోడింగ్ రౌండ్ గట్టెక్కుతావు. రోజూ రెండు సమస్యలు తీసుకుని, ఫోన్‌లో రికార్డు పెట్టుకుని, ఆలోచిస్తున్నదంతా పైకి చెబుతూ చెయ్యి. మొదటి రోజు నీ గొంతు నీకే నచ్చదు. నాలుగో రోజుకు అలవాటవుతుంది. వీలైతే రూమ్మేట్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకో, వాడికి కోడింగ్ రాకపోయినా పర్వాలేదు. అవతలివాళ్లు తెలుగువాళ్లని తెలిసినా, వాళ్లు మొదలుపెడితే తప్ప తెలుగులోకి దిగవద్దు. మాట పూర్తిగా ఆగిపోతే బొమ్మ గీయి. నా రెండో ఇంటర్వ్యూలో నేను చేసింది అదే. డబ్బాలూ బాణాలూ గీసి, ఒక్కో బాణాన్ని ఎటు తిప్పాలో వేలితో చూపించాను. ఉద్యోగం వచ్చింది.

మేనేజర్ రౌండ్‌లో టీమ్‌లో గొడవ వస్తే ఏం చేశావు, ఎప్పుడైనా దెబ్బతిన్నావా అని అడుగుతారు. కాలేజీ ఫెస్ట్‌లోనో ప్రాజెక్టులోనో నిజంగా జరిగింది ఒకటి చెప్పు, అందులో నువ్వేం చేశావో చెప్పు. హెచ్‌ఆర్ రౌండ్‌లో వేరే ఊరు వెళ్తావా, షిఫ్టుల్లో చేస్తావా, బాండ్ ఉంటే సమ్మతమేనా అంటారు. బాండ్ కాగితం చదవకుండా సంతకం పెట్టకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, ఎవరి దగ్గరా వదిలి రావద్దు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే కరెంటు పోతుందన్న లెక్కతోనే సిద్ధపడు: ఛార్జింగ్ నిండిన ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్. ఏఐ సాయంతో జవాబులు చదివి చెప్పే ప్రయత్నం మాత్రం చేయకు. కళ్లు ఒక పక్కకు పోతూ ఉంటాయి, ప్రతి జవాబుకూ ముందు ఒకే నిడివి మౌనం ఉంటుంది. "ఈ లైన్ ఎందుకు రాశావు?" అని ఒక్క మాట అడిగితే అక్కడే ఆగిపోతారు. పల్లె నుంచి ఇంతదూరం వచ్చిన పిల్లలు అలా పోగొట్టుకోవడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

ప్రశ్న: అమ్మా, నేను జగిత్యాల దగ్గర రైతును. మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ చదివి రెండేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుంటున్నాడు. ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీవాళ్లు రెండున్నర లక్షలు ఇస్తే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ కాగితాలు పెట్టి, ఇంటర్వ్యూలో కూడా వాళ్ల మనిషే వెనకాల ఉండి చెప్తాడని అంటున్నారట. "అందరూ ఇట్లనే పోతున్నరు నాయినా" అంటున్నాడు కొడుకు. ఎకరం కుదువ పెట్టమంటారా?
– ఒక తండ్రి

జవాబు: అన్నగారూ, పెట్టకండి. కారణాలు ఒక్కొక్కటీ చెబుతాను, మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మూడేళ్ల అనుభవం ఉందన్నవాళ్లను మేం అడిగే ప్రశ్నలు వేరు. "అర్ధరాత్రి సర్వర్ ఆగిపోయిన సందర్భం చెప్పు. ముందు ఏ లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) చూశావు? ఎవరికి ఫోన్ చేశావు? మర్నాడు కారణం ఏమని తేలింది?" ఇవి కోర్సులో నేర్పేవి కావు. వెనకాల ఎవరో చెబితే చెప్పగలిగేవీ కావు. ఒకవేళ అక్కడ గట్టెక్కినా, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. పీఎఫ్ ఖాతాదారుకు ఉండే యూఏఎన్ నంబరు తీస్తే ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా చేశారో కనబడుతుంది. ఫారం 16 (కంపెనీ ఇచ్చే జీతం పన్ను కాగితం), బ్యాంకులో పడిన జీతం అడుగుతారు. కాగితం మీది కంపెనీకి నేరుగా రాసి కనుక్కుంటారు. ఇంటర్వ్యూలో తీసిన ఫొటోను చేరిన రోజు మనిషితో పోల్చి చూస్తారు. ఏడాది తర్వాత బయటపడినా తీసేస్తారు. అప్పుడు ఆ ఏడాది చేసిన నిజమైన పని కూడా ఇంకో చోట చెప్పుకోలేడు.

మా టీమ్‌లో ఒకసారి ఇలా జరిగింది. అబ్బాయి నెమ్మదస్తుడు, పని కూడా బాగా నేర్చుకుంటున్నాడు. చేరిన ఐదో నెలలో రిపోర్టు వచ్చింది, పాత కంపెనీ అసలు లేదని. ల్యాప్‌టాప్ తిరిగి తీసుకున్నది నేనే. "మేడమ్, మా ఇంట్లో అప్పు చేశారు" అన్నాడు. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఫ్రెషర్‌గానే వచ్చి ఉంటే ఆ అబ్బాయిని నేను వదులుకునేదాన్ని కాదు.

నిజంగా ఉద్యోగం ఇచ్చే కంపెనీ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. రిజిస్ట్రేషన్ అన్నా, డిపాజిట్ అన్నా, ల్యాప్‌టాప్ కోసం అన్నా అంతే. ఇప్పటికే ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కొంత పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

బాబుకు ఒక మాట. నువ్వు చదివిన మెకానికల్ దండగ కాలేదు. ఫ్యాక్టరీలకు, వాహనాల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసేచోట యంత్రం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు కావాలి. అలాంటి చోట్ల టెస్టింగ్, సపోర్టు ఉద్యోగాలకు ఫ్రెషర్‌గా ప్రయత్నించు. రెండేళ్లలో నేర్చుకున్నది నాన్నగారికి ఒక పూట చూపించు. పొలానికి పనికొచ్చేది ఏదైనా చేసి, మోటారుకు ఎన్ని గంటలు కరెంటు వచ్చిందో రాసిపెట్టేదో, కూలీల లెక్కలు చూసేదో చేసి, దాన్నే రెజ్యూమ్‌లో మొదట పెట్టు. రెండేళ్ల ఖాళీ గురించి అడిగితే "కోర్సులు చేశాను, ఇది కట్టాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ప్రశ్న: నేను ఏడేళ్లు జావా డెవలపర్‌గా చేసి 2019లో మానేశాను. ఇద్దరు పిల్లలు. ఇప్పుడు మళ్లీ ఉద్యోగం చేయాలని ఉంది. సిస్టమ్ డిజైన్ రౌండ్ ఉంటుందంటున్నారు, నేను చేసిన రోజుల్లో నన్నెవరూ అది అడగలేదు. ఆరేళ్లు ఇంట్లో ఉన్నానని చెప్పుకోవడం కూడా కష్టంగా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చెల్లెమ్మా, విరామం గురించి ఒక్క వాక్యం చాలు: "పిల్లల కోసం ఆరేళ్లు ఆగాను, ఆర్నెల్లుగా మళ్లీ సిద్ధమవుతున్నాను, ఇదిగో ఈ మధ్య చేసినది." మూడో భాగం బలంగా ఉంటే మొదటి భాగం మీద ఎవరూ ఆగరు. క్షమాపణ చెబుతున్నట్టు మాత్రం చెప్పకు. నువ్వు ఏ తప్పూ చేయలేదు. "ఇంకో బిడ్డ ఆలోచన ఉందా?" లాంటి ప్రశ్న ఎవరైనా వేస్తే, అది వాళ్లు అడగకూడనిది. "పని వేళల గురించి అడగండి, చెబుతాను" అని నెమ్మదిగా అని ఊరుకో. అలా అడిగినచోట చేరాలా వద్దా అన్నది నువ్వు ఆలోచించుకోవలసిన సంగతి. ఇంటర్వ్యూలో వాళ్లు మనల్ని చూస్తున్నట్టే మనమూ వాళ్లను చూస్తాం కదా.

చదవవలసినవి: నువ్వు మానేశాక జావా 17, జావా 21 వచ్చాయి. వాటిలో కొత్తవేమిటో ఒక వారం చూడు. డాకర్ (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవన్నీ కలిపి మూటకట్టే సాధనం), క్లౌడ్ పరిచయం కావాలి. కోడ్ రాయడంలో ఏఐ సాయం ఇప్పుడు మామూలైంది. కొన్నిచోట్ల ఇంటర్వ్యూలోనే వాడనిస్తారు కూడా, అలాంటప్పుడు అది రాసిన కోడ్‌లో తప్పు పట్టగలవా అని చూస్తారు. ఏడేళ్ల అనుభవం ఉన్న నీకు అది బాగా వస్తుంది.

సిస్టమ్ డిజైన్ అంటే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌ను మొత్తంగా ఎలా కట్టాలో చెప్పడం, భయపడేంత కొత్త విద్య కాదు. మనందరికీ తెలిసిన ఒక దానితో సాధన చెయ్యి: తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు. విడుదలయ్యే రోజు మనింట్లోనే నలుగురు నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం. అదే నువ్వు కట్టాలంటే?

ముందు ప్రశ్నలు వెయ్యి. ఒకరు ఎన్ని టికెట్లు కొనవచ్చు? రోజులో ఎన్ని సమయాలు? తర్వాత లెక్క. ఆ క్షణాన ఐదు లక్షల మంది వచ్చారని, ఒక రోజుకు ఇరవై వేల టికెట్లని అనుకుందాం. వచ్చిన అందర్నీ డేటాబేస్ మీదికి వదిలితే అది కూలిపోతుంది. కాబట్టి ముందొక వరుస పెట్టి, కొద్దికొద్దిగా లోపలికి పంపాలి. అచ్చం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్ల మాదిరే. మిగిలిన టికెట్లు చూపే పేజీని డేటాబేస్ నుంచి ప్రతిసారీ తేకుండా క్యాష్ (దగ్గర పెట్టుకున్న తాత్కాలిక నకలు) నుంచి చూపవచ్చు. అది ఒకటి రెండు సెకన్లు పాతదైనా పర్వాలేదు. కానీ టికెట్ ఇచ్చేటప్పుడు మాత్రం లెక్క కచ్చితంగా ఉండాలి.

అసలు చిక్కు అక్కడే. మిగిలిన ఒక్క టికెట్‌నూ ఇద్దరికి ఇవ్వకూడదు. "ఖాళీ ఉందా?" అని చదివి, తర్వాత "తీసుకున్నాను" అని రాస్తే మధ్యలో ఇంకొకరు దూరతారు. ఒకే అప్‌డేట్‌లో "ఇంకా ఖాళీగా ఉంటేనే నా పేర రాయి" అని చెప్పి, డేటాబేస్‌లో ఎన్ని రికార్డులు మారాయో చూడాలి. ఒకటి మారితే నీది, సున్నా అయితే వేరొకరిది. డబ్బు కట్టడానికి పది నిమిషాలు పట్టి ఉంచి, కట్టకపోతే వదిలేయాలి. మరి పదకొండో నిమిషంలో డబ్బు వచ్చిందని బ్యాంకు చెబితే? యూపీఐలో డబ్బు కట్ అయి జవాబు రాకపోతే? మనిషి కంగారుపడి రెండోసారి నొక్కితే? ప్రతి చెల్లింపుకూ ఒక నంబరు ఇచ్చి, అదే నంబరుతో మళ్లీ వస్తే రెండోసారి తీసుకోకుండా చూడాలి. నేనైతే ఈ చివరి మూడు ప్రశ్నల మీదే అరగంట గడుపుతాను. పెద్ద పెద్ద పేర్లు ఉన్న డబ్బాలు పది గీసినవాళ్లను చాలామందిని చూశాను. డబ్బు పోయి టికెట్ రాని భక్తుడి గురించి ఆలోచించినవాళ్లు తక్కువ. ఇంటి లెక్కలు, బిల్లులు, రీఫండ్లు ఆరేళ్లు చూసుకున్నదానివి, అలాంటి ఆలోచన నీకు సహజంగానే వస్తుంది.

ప్రశ్న: నాలుగేళ్ల అనుభవం. 12 లక్షల ప్యాకేజీ ఆఫర్ వచ్చింది. ఇప్పటి కంపెనీలో 90 రోజుల నోటీస్. నెలకు లక్ష చేతికొస్తుందని ఇంట్లో చెప్పేశాను. సరేనా? ఇంకా అడగవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లక్ష రాదు, బాబూ. ఆఫర్ లెటర్ కింద ఉన్న పట్టిక చూడండి. అందులో 10 శాతం వేరియబుల్ అనుకుంటే 1,20,000 పక్కకు పోయింది, అది ఏడాది చివర పనితీరును బట్టి వస్తుంది. బేసిక్ 6 లక్షలనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 72,000. గ్రాట్యుటీ 4.81 శాతం, 28,860. ఇవన్నీ ఆ 12 లక్షల్లోనివే. మీ వాటా పీఎఫ్ ఇంకో 72,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకు 200. అన్నీ తీసేస్తే నెలకు సుమారు 75,000 చేతికొస్తుంది. పీఎఫ్ మీ డబ్బే, పోయింది కాదు. అయినా ఇంటి ఈఎంఐ లెక్క వేసేటప్పుడు 75 వేలతోనే వేయండి.

అడగవచ్చు, మర్యాదగా, ఒక్కసారి, ఒక అంకె చెప్పి. "ఫిక్స్‌డ్ 12 చేయగలరా?" అని అడగడం "ఇంకొంచెం పెంచండి" కంటే మేలు. అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం నేను పనిచేసిన చోట్ల చూడలేదు. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చూసుకోండి. చేతికి రాతపూర్వకంగా ఆఫర్ వచ్చాకే రాజీనామా పెట్టండి. ఫోన్‌లో హెచ్‌ఆర్ చెప్పిన మాటకు రాజీనామా చేసి, నోటీస్ సగంలో ఉండగా ఆ ఉద్యోగమే రద్దయిన స్నేహితురాలు నాకుంది. 90 రోజుల్లో ఎన్ని తగ్గుతాయో మీ మేనేజర్‌తో మాట్లాడకముందే కొత్తవాళ్లకు తేదీ మాట ఇవ్వకండి. రిలీవింగ్ లెటర్ అందుకునే బయటికి రండి.

ప్రశ్న: మూడు రౌండ్లు బాగానే చేశాననుకున్నాను. మూడు వారాలైంది, మెయిల్ లేదు, ఫోన్ లేదు. అడగవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తప్పకుండా అడుగమ్మా. ఏ తేదీన ఏ ఉద్యోగానికి ఇంటర్వ్యూ జరిగిందో ఒక వాక్యం, ఫలితం తెలిసిందా, ఇంకా సమయం పడుతుందా అని రెండో వాక్యం. అంతే. జవాబు రాకపోతే వారం తర్వాత ఇంకొక్కసారి. ఆ తర్వాత ఎదురుచూడవద్దు. మౌనానికి కారణం చాలాసార్లు నువ్వు కావు. ఆ ఉద్యోగానికి బడ్జెట్ ఆగిపోయి ఉండొచ్చు, లోపలివాళ్లకే ఇచ్చి ఉండొచ్చు. చెప్పకుండా ఊరుకోవడం మాత్రం మా వైపు తప్పే. నేను చూసిన ప్రతి అభ్యర్థికీ వారంలోపు జవాబు వెళ్లిందో లేదో హెచ్‌ఆర్‌ను అడిగి కనుక్కుంటున్నాను.

ఈలోగా ఆ మూడు రౌండ్లలో అడిగిన ప్రశ్నలు గుర్తున్నంతవరకు ఇవాళే ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో. మూడు వారాలకే సగం మరిచిపోయి ఉంటావు. జవాబు తట్టనివాటిని ఒక్కొక్కటిగా మళ్లీ చెయ్యి, పైకి చెబుతూ. వచ్చేసారి నుంచి ఇంటర్వ్యూ అయిన రోజు రాత్రే రాయి.